అవుట్‌లుక్ మెయిన్ విండో: మెయిల్ రాలేదు అనే ముందు ఎక్కడెక్కడ చూడాలి

హన్మకొండలో ఆడిటర్ ఆఫీసైనా, ఎనుమాముల మార్కెట్లో అడ్తి దుకాణమైనా, జమ్మికుంట దిక్కు జిన్నింగ్ మిల్లయినా, కొత్తగా చేరినవాళ్లను ఒక కంప్యూటరు ముందు కూర్చోబెట్టి, ఆఫీసు మెయిల్ ఐడీ చేతికిచ్చి, ఇక చూసుకోమంటారు. మెయిల్ రాయడం ఎవరికీ కొత్త కాదు, ఫోన్లో రోజూ చేసే పనే. తిప్పలన్నీ ఆఫీసు మెయిల్ విండోతోనే వస్తాయి. అవతలివాళ్లు ఫోన్ చేసి "మెయిల్ పంపినం సార్, ఒక్కసారి చూడుండ్రి" అంటారు. ఇవతల లిస్టులో అది కనబడదు. "రాలేదండీ, మళ్లీ పంపండి" అంటాం. వాళ్లు మళ్లీ పంపుతారు, అదీ కనబడదు.

ఇలాంటప్పుడు చాలాసార్లు మెయిల్ వచ్చే ఉంటుంది. లిస్టు మీద ఏదో ఫిల్టర్ ఉంటుంది, వరుస మారి ఉంటుంది, లేదా ప్రోగ్రామ్ ఆఫ్‌లైన్‌లో ఉంటుంది. ఇవన్నీ విండోలోనే రాసి ఉంటాయి, ఎక్కడ రాసి ఉంటాయో తెలిస్తే చాలు. అందుకే ఇక్కడ మెయిల్ ఎలా రాయాలో కాకుండా, ఆ విండోను ఎలా చూడాలో చెబుతున్నాం. మన ఆఫీసుల్లో ఎక్కువగా కనిపించేది మైక్రోసాఫ్ట్ అవుట్‌లుక్ కాబట్టి దాన్నే తీసుకుందాం. మెనూల పేర్లు తెర మీద ఇంగ్లీషులో ఉంటాయి. వాటిని ఎలా పలుకుతామో అలాగే ఇక్కడ రాశాం.

మీ ముందున్నది ఏ అవుట్‌లుక్?

ముందు ఇది తేల్చుకోవాలి. ఇప్పుడు విండోస్‌లో రెండు అవుట్‌లుక్‌లు ఉన్నాయి, ఒకే కంప్యూటర్లో రెండూ ఉండొచ్చు. ఏళ్ల తరబడి ఆఫీసుల్లో ఉన్నది క్లాసిక్ అవుట్‌లుక్. 2024 ఆగస్టు నుంచి సంస్థలకు పూర్తిస్థాయిలో విడుదలైనది న్యూ అవుట్‌లుక్. విండోస్‌తో పాటు వచ్చిన పాత మెయిల్ యాప్‌కు 2024 డిసెంబర్ 31తో కాలం చెల్లింది, కాబట్టి ఇంకా దాంట్లోనే ఉంటే బయటికి రావాల్సిందే.

స్టార్ట్ మెనూలో అవుట్‌లుక్ అని టైప్ చేస్తే పేరు పక్కనే క్లాసిక్ అనో న్యూ అనో ఉంటుంది. తెరిచిన తర్వాత పైన కుడి మూలన గేర్ బొమ్మతో సెట్టింగ్స్ కనిపిస్తే అది న్యూ. ఎడమ పైన ఫైల్ నొక్కగానే తెరంతా మారి, అకౌంట్ సెట్టింగ్స్, ఆప్షన్స్ ఉన్న పేజీ వస్తే అది క్లాసిక్. క్లాసిక్‌లో కుడి పైన న్యూ అవుట్‌లుక్‌కు మార్చే చిన్న స్విచ్ కూడా ఉండొచ్చు. ఆఫీసు పని మధ్యలో దాన్ని తాకకండి. మార్చితే విండో రూపమే మారిపోతుంది, పాత సెట్టింగులు కొన్ని కనబడవు. కింద చెప్పేదంతా క్లాసిక్ గురించే. న్యూ అవుట్‌లుక్‌లో తేడా ముఖ్యమైన చోట విడిగా చెబుతాం.

విండోలో ఏమేం ఉంటాయి

మధ్యభాగం ఎడమ నుంచి కుడికి మూడు నిలువు భాగాలుగా ఉంటుంది. ఎడమ వైపు ఫోల్డర్ పేన్: ఇన్‌బాక్స్, డ్రాఫ్ట్స్, సెంట్ ఐటమ్స్, డిలీటెడ్ ఐటమ్స్, జంక్, అవుట్‌బాక్స్, మీరు చేసుకున్న ఫోల్డర్లు. నడుమ మెసేజ్ లిస్టు: ఎడమ వైపు ఏ ఫోల్డర్ మీద నొక్కితే అందులోని మెయిళ్లు. కుడి వైపు రీడింగ్ పేన్: లిస్టులో దేన్ని ఎంచుకుంటే దాని పూర్తి పాఠం. పైన బటన్ల వరుసను రిబ్బన్ అంటారు, దానికీ పైన సెర్చ్ పెట్టె ఉంటుంది. అన్నిటికంటే కింద సన్నగా ఉండే పట్టీ స్టేటస్ బార్. మెయిల్, క్యాలెండర్, పీపుల్ గుర్తులు పాత వెర్షన్లలో ఎడమ కింద మూలన, కొత్తవాటిలో ఎడమ అంచున నిలువుగా ఉంటాయి. ఎక్కడున్నా కంట్రోల్ + 1 నొక్కితే మెయిల్, కంట్రోల్ + 2 నొక్కితే క్యాలెండర్ వస్తాయి. ఎవరో క్యాలెండర్ తెరిచి వదిలేసిన కంప్యూటర్ ముందు కూర్చుని ఇన్‌బాక్స్ ఏమైందని కంగారుపడేవాళ్లకు ఈ కంట్రోల్ + 1 ఒక్కటి చాలు.

మూడు భాగాల మధ్య గీతలను మౌస్‌తో పట్టి అటూ ఇటూ జరపొచ్చు. మన ఆఫీసుల్లో చాలా మానిటర్లు ఇంకా 1366 × 768 కొలతవే. వాటి మీద మూడూ ఇరుక్కుంటాయి. అప్పుడు రెండు మార్గాలున్నాయి. వ్యూ ట్యాబ్‌లో ఫోల్డర్ పేన్ నొక్కి మినిమైజ్డ్ ఎంచుకుంటే ఎడమ భాగం సన్నని పట్టీగా ముడుచుకుంటుంది. లేదా రీడింగ్ పేన్‌ను బాటమ్ అని పెడితే అది కిందికి వెళ్లి, పైన లిస్టుకు వెడల్పంతా దొరుకుతుంది. రెండోదే మా సలహా. లిస్టు వెడల్పుగా ఉంటే పంపినవాళ్ల పేరు, సబ్జెక్ట్, తేదీ, సైజు విడివిడి నిలువు వరుసల్లో కనిపిస్తాయి. లెక్కల ఆఫీసులో పని చేసేవాళ్లకు అదే హాయి. కొత్త వెర్షన్లలో ఈ బటన్లు వ్యూ ట్యాబ్‌లోని లేఅవుట్ కింద ఉంటాయి.

రిబ్బన్ మొత్తం మాయమై ట్యాబ్‌ల పేర్లే మిగిలితే భయపడాల్సిందేమీ లేదు. కంట్రోల్ + ఎఫ్1 నొక్కితే తిరిగి వస్తుంది. పొరపాటున నొక్కుకుపోయేది కూడా అదే.

ఇంకో సౌకర్యం ఫేవరెట్స్. రోజూ చూసే ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి యాడ్ టు ఫేవరెట్స్ అంటే ఎడమ వైపు పైభాగంలో నిలుస్తుంది. ఇన్‌బాక్స్, సెంట్ ఐటమ్స్, ఇంకో రెండు మూడు ఫోల్డర్లు చాలు. పది పదిహేను పెట్టుకుంటే మళ్లీ వెతుకులాటే.

కింది పట్టీని ముందు చూడండి

స్టేటస్ బార్‌ను ఎవరూ పట్టించుకోరు. సమస్య వచ్చినప్పుడు మాత్రం ముందుగా చూడాల్సింది దాన్నే.

ఎడమ చివర ఐటమ్స్ అని ఒక అంకె, అన్‌రీడ్ అని ఇంకో అంకె ఉంటాయి. మీరున్న ఫోల్డర్లో మొత్తం ఎన్ని మెయిళ్లు, చదవనివి ఎన్ని అనేది ఇక్కడ తెలుస్తుంది. వేలల్లో మెయిళ్లు ఉండాల్సిన ఇన్‌బాక్స్‌లో ఐటమ్స్ 12 అని కనిపిస్తే మెయిళ్లు పోయినట్టు కాదు, లిస్టు మీద ఏదో జల్లెడ పడిందన్నమాట. దాని పక్కనే ఫిల్టర్ అప్లైడ్ అని ఉందేమో చూడండి.

కుడి వైపు కనెక్షన్ సంగతి ఉంటుంది. ఆఫీసు ఖాతా ఎక్స్ఛేంజ్ (మైక్రోసాఫ్ట్ మెయిల్ సర్వర్) లేదా మైక్రోసాఫ్ట్ 365ది అయితే ఇలాంటి మాటలు కనిపిస్తాయి. కనెక్టెడ్ టు మైక్రోసాఫ్ట్ ఎక్స్ఛేంజ్ అంటే అంతా బాగుంది. ట్రయింగ్ టు కనెక్ట్ లేదా డిస్‌కనెక్టెడ్ అంటే నెట్ పోయింది, లేదా సర్వర్ అందడం లేదు. బ్రౌజర్లో వేరే సైటు తెరిచి చూస్తే ఏది నిజమో తేలుతుంది. నీడ్ పాస్‌వర్డ్ అని ఉంటే ఆ మాట మీదే నొక్కండి, పాస్‌వర్డ్ అడిగే పెట్టె వస్తుంది. దాన్ని ఒకసారి క్యాన్సిల్ కొట్టి మరిచిపోతే ఇక మెయిళ్లు రావు, పోవు, పెద్ద హెచ్చరిక కూడా ఏదీ రాదు.

వర్కింగ్ ఆఫ్‌లైన్ అని ఉంటే సంగతి వేరు. ఇది నెట్ పోవడం కాదు, సెండ్ / రిసీవ్ ట్యాబ్‌లో వర్క్ ఆఫ్‌లైన్ అనే బటన్‌ను ఎవరో నొక్కారు. మళ్లీ అదే బటన్ నొక్కితే సరి. నెట్ పోయిందనుకుని రౌటర్ను నాలుగుసార్లు ఆపి మళ్లీ పెట్టినా లాభం ఉండదు.

జీమెయిల్ లాంటి ఖాతానో, సొంత వెబ్‌సైట్ డొమైన్ మీద తీసుకున్న ఖాతానో పాప్ పద్ధతిలో పెట్టుకున్న చిన్న ఆఫీసులకు ఇంకో విషయం తెలియాలి. ఎక్స్ఛేంజ్‌లో మెయిల్ వచ్చిన వెంటనే దిగుతుంది. పాప్‌లో అలా కాదు, అవుట్‌లుక్ తనంతట తానే సర్వర్ దగ్గరికి వెళ్లి అడగాలి. మామూలుగా అది 30 నిమిషాలకోసారి అడుగుతుంది. "ఇప్పుడే పంపినం" అన్న మెయిల్ అరగంట దాకా రాకపోవడానికి కారణం ఇదే. ఎఫ్9 నొక్కితే వెంటనే అడుగుతుంది. శాశ్వతంగా మార్చాలంటే కంట్రోల్ + ఆల్ట్ + ఎస్ నొక్కండి. వచ్చిన పెట్టెలో ప్రతి 30 నిమిషాలు అని ఉన్నచోట 10 పెట్టండి. 1 పెట్టకండి. ఒక తనిఖీ పూర్తవకముందే ఇంకోటి మొదలై, నెట్ నెమ్మదిగా ఉన్న చోట లోపాలు చూపిస్తుంది.

మెయిల్ రాలేదు అనిపిస్తే

కింది పట్టీ బాగానే ఉంది, అయినా మెయిల్ కనబడటం లేదు. ఇప్పుడు లిస్టు పైభాగం చూడాలి. ఈ వరుసలో చూసుకుంటూ వెళ్లండి.

1. లిస్టు పైన ఆల్, అన్‌రీడ్ అని రెండు మాటలుంటాయి. అన్‌రీడ్ మీద ఉంటే చదవనివే కనిపిస్తాయి. మీరు ఒకటి చదివి పక్కదాని మీదికి వెళ్లగానే మొదటిది లిస్టులోంచి పోతుంది. పొద్దున చూసిన మెయిల్ మధ్యాహ్నానికి లేదంటే సాధారణంగా ఇదే కారణం. ఆల్ మీద నొక్కండి.

2. ఆల్, అన్‌రీడ్ బదులు ఫోకస్డ్, అదర్ అని ఉంటే, ముఖ్యం కాదని ప్రోగ్రామ్ అనుకున్న మెయిళ్లు అదర్‌లో పడతాయి. మొదటిసారి రాసే కొత్త పార్టీల మెయిళ్లు, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్లు తమంతట తాము పంపే ఇన్‌వాయిస్‌లు అక్కడే పడుతుంటాయి. అంగడి పనికి ఈ వేర్పాటు సరిపడదు. వ్యూ ట్యాబ్‌లో షో ఫోకస్డ్ ఇన్‌బాక్స్ నొక్కి తీసేయడమే మంచిది. న్యూ అవుట్‌లుక్‌లో సెట్టింగ్స్, మెయిల్, లేఅవుట్‌లో ఉంటుంది.

3. బై డేట్ అని ఉండాల్సిన చోట బై ఫ్రమ్, బై సైజ్ అని ఉందా? లిస్టు శీర్షిక మీద పొరపాటున నొక్కితే వరుస మారుతుంది. ఫ్రమ్ ప్రకారం పేర్చితే కొత్త మెయిల్ పైకి రాదు, పంపినవాళ్ల పేరులోని అక్షరాన్ని బట్టి నడుమ ఎక్కడో పడుతుంది. మళ్లీ డేట్ ఎంచుకుని, కొత్తవి పైన ఉండేలా పక్కనున్న బాణం గుర్తు సరిచేయండి.

4. టుడే, యెస్టర్‌డే, లాస్ట్ వీక్ అనే శీర్షికలకు ఎడమ పక్కన చిన్న బాణం ఉంటుంది. టుడే మూసుకుని ఉంటే ఈరోజు వచ్చినవన్నీ దాని కిందే దాక్కుంటాయి. బాణం నొక్కితే తెరుచుకుంటాయి.

5. సెర్చ్ పెట్టెలో ఏదైనా మాట మిగిలి ఉందా? ఉంటే మీరు చూస్తున్నది ఇన్‌బాక్స్ కాదు, వెతికితే దొరికిన వాటి లిస్టు. ఎస్కేప్ నొక్కండి, లేదా పెట్టె చివరి గుణకారం గుర్తు నొక్కండి.

6. షో యాజ్ కాన్వర్సేషన్స్ పెట్టి ఉంటే ఒకే సబ్జెక్టు మీద నడిచిన మెయిళ్లన్నీ ఒక వరుస కింద చేరతాయి. పై వరుస పక్కనున్న బాణం నొక్కితేనే లోపలివి కనిపిస్తాయి. ఒకే సబ్జెక్టుతో పది లారీల లోడింగ్ వివరాలు నడిపే ఆఫీసుల్లో దీనివల్ల చాలా గందరగోళం. వ్యూ ట్యాబ్‌లో టిక్ తీసేయండి, ఈ ఫోల్డర్‌కా అన్నిటికా అని అడిగితే అన్నిటికీ అనండి.

ఇవన్నీ చూశాకే జంక్ ఫోల్డర్ తెరవండి. అక్కడ దొరికితే మెయిల్ మీద రైట్ క్లిక్, జంక్, నాట్ జంక్.

బ్యాక్‌స్పేస్ గురించి విడిగా చెప్పాలి. లిస్టులో మెయిల్ ఎంపికై ఉన్నప్పుడు బ్యాక్‌స్పేస్ నొక్కితే ఆ మెయిల్ ఆర్కైవ్ అనే ఫోల్డర్‌కు వెళ్లిపోతుంది. డిలీట్ అవదు, అడగదు, లిస్టులోంచి తొలగిపోతుంది అంతే. సెర్చ్ పెట్టెలో తప్పు దిద్దబోయి, కర్సర్ లిస్టు మీద ఉండగా నాలుగుసార్లు బ్యాక్‌స్పేస్ కొడితే నాలుగు మెయిళ్లు ఆర్కైవ్‌లో ఉంటాయి. వెంటనే గమనిస్తే కంట్రోల్ + జెడ్. తర్వాత గుర్తొస్తే ఎడమ వైపు ఆర్కైవ్ తెరిచి, మెయిళ్లను లాగి ఇన్‌బాక్స్‌లో వేయండి.

మామూలు డిలీట్ చేసినవి డిలీటెడ్ ఐటమ్స్‌లో దొరుకుతాయి. షిఫ్ట్ + డిలీట్ చేస్తే అక్కడ కూడా ఉండవు. ఎక్స్ఛేంజ్ ఖాతాల్లో డిలీటెడ్ ఐటమ్స్ తెరిచి, ఫోల్డర్ ట్యాబ్‌లో రికవర్ డిలీటెడ్ ఐటమ్స్ నొక్కితే ఇంకో అవకాశం ఉంటుంది. మైక్రోసాఫ్ట్ 365లో మామూలుగా 14 రోజులు ఉంచుతారు, అడ్మిన్ దాన్ని 30 దాకా పెంచొచ్చు. పాప్ ఖాతాకు ఈ సౌకర్యం లేదు, కాబట్టి షిఫ్ట్ జోలికి పోవద్దు.

ఒక్కోసారి మెయిల్ కాదు, ఫోల్డరే పోతుంది. జరిగేది ఏమిటంటే, ఎడమ వైపు ఫోల్డర్ మీద నొక్కుతూ మౌస్ కాస్త జరిగితే, అది పక్క ఫోల్డర్ కడుపులోకి వెళ్లి కూర్చుంటుంది. పరకాల అనే ఫోల్డర్ కనబడటం లేదనుకోండి. అందులోని మెయిల్ ఒకదాన్ని సెర్చ్‌లో పట్టుకుని, డబుల్ క్లిక్‌తో విడి విండోలో తెరవండి. కంట్రోల్ + షిఫ్ట్ + ఎఫ్ నొక్కితే అడ్వాన్స్‌డ్ ఫైండ్ వస్తుంది. అందులో ఫోల్డర్ పేరు ఉంటుంది. పక్కన బ్రౌజ్ నొక్కితే ఆ ఫోల్డర్ ఏ ఫోల్డర్ లోపల ఉందో చెట్టు కొమ్మల్లా విప్పి చూపిస్తుంది. అక్కడినుంచి లాగి పాత చోట పెట్టుకోవడమే.

ఏడాది కిందటి మెయిళ్లు మాత్రమే లేవంటే కారణం ఇంకోటి. ఎక్స్ఛేంజ్ ఖాతాకు అవుట్‌లుక్ మామూలుగా గత ఏడాది మెయిళ్లనే కంప్యూటర్లో ఉంచుకుంటుంది. లిస్టు చివరికి వెళ్తే, సర్వర్లో ఇంకా ఉన్నాయి, చూడాలంటే ఇక్కడ నొక్కండి అనే మాట ఇంగ్లీషులో ఉంటుంది. ఎప్పుడూ అవసరమయ్యేవాళ్లు ఫైల్, అకౌంట్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి, ఖాతా ఎంచుకుని, చేంజ్ నొక్కి, జారుడు మీటను ఆల్ దాకా జరపండి. మెయిల్‌బాక్స్ పెద్దదైతే మొదటిసారి చాలాసేపు దిగుతుంది. సాయంత్రం ఆఫీసు మూసేముందు కంప్యూటర్ ఆపకుండా వదిలేస్తే నయం.

వెతికే పద్ధతి

వర్డ్, ఎక్సెల్ అలవాటుతో కంట్రోల్ + ఎఫ్ కొట్టకండి. అవుట్‌లుక్‌లో అది ఫార్వర్డ్. చూసుకోకుండా టైప్ చేసుకుంటూ పోతే వెతకాలనుకున్న మాట ఫార్వర్డ్ మెయిల్లో ఎక్కుతుంది. ఇక్కడ వెతకడానికి కంట్రోల్ + ఈ. తెరిచిన మెయిల్ లోపల మాట వెతకాలంటే ఎఫ్4.

సెర్చ్ పెట్టె మీద నొక్కగానే పక్కన చిన్న జాబితా వస్తుంది: కరెంట్ ఫోల్డర్, కరెంట్ మెయిల్‌బాక్స్, ఆల్ మెయిల్‌బాక్సెస్. సెంట్ ఐటమ్స్‌లో ఉన్న మెయిల్‌ను ఇన్‌బాక్స్‌లో నిలబడి, కరెంట్ ఫోల్డర్ అని పెట్టి వెతికితే దొరకదు. అనుమానం ఉంటే కరెంట్ మెయిల్‌బాక్స్ పెట్టండి.

ఊళ్ల పేర్లు వెతికేటప్పుడు మన దగ్గర ప్రత్యేకమైన చిక్కు ఉంది. హన్మకొండను ఇంగ్లీషులో ఒకరు హనమ్‌కొండ అని, ఒకరు హన్మకొండ అని, ఇంకొకరు హనుమకొండ అని రాస్తారు. ఒక స్పెల్లింగుతో వెతికితే మిగతావి రావు. అవుట్‌లుక్ సెర్చ్ మాట మొదటి అక్షరాలను పట్టుకుంటుంది కాబట్టి హెచ్, ఏ, ఎన్ అనే మూడు అక్షరాలే కొట్టండి, మూడు రాతలూ వస్తాయి. పాత మెయిళ్లకు ఇదీ చాలదు. 2021లో వరంగల్ అర్బన్ జిల్లా పేరు హన్మకొండగా, వరంగల్ రూరల్ పేరు వరంగల్‌గా మారాయి. అంతకుముందు ఉత్తరాల్లో అర్బన్, రూరల్ అనే ఉంటాయి. ఆ కాలపు ఆర్డర్లు వెతికేటప్పుడు పాత పేరే కొట్టాలి.

ఊరి పేరు కన్నా గట్టి ఆధారం పంపినవాళ్ల పేరు, జోడించిన ఫైలు. సెర్చ్ పెట్టెలో నొక్కాక రిబ్బన్ మీద ఫ్రమ్, సబ్జెక్ట్, హ్యాజ్ అటాచ్‌మెంట్స్ బటన్లు వస్తాయి. ఫ్రమ్ నొక్కి పేరు రాసి, హ్యాజ్ అటాచ్‌మెంట్స్ కూడా నొక్కితే, ఒక పార్టీ పంపిన బిల్లులు మాత్రమే మిగులుతాయి.

రీడింగ్ పేన్

మామూలు అమరికలో ఒక మెయిల్ మీద నుంచి ఇంకోదాని మీదికి వెళ్లగానే మొదటిది చదివినట్టు లెక్క. బాణం కీతో లిస్టు దిగుతూ పోతే అన్నీ చదివినట్టే అయిపోతాయి, బోల్డ్ అక్షరాలు పోతాయి. ఇద్దరు ముగ్గురు ఒకే మెయిల్ ఐడీ చూసే ఆఫీసుల్లో దీంతో పనులు తప్పిపోతాయి: ఇతను చూశాడని అతను, అతను చూశాడని ఇతను అనుకుంటారు. వ్యూ ట్యాబ్‌లో రీడింగ్ పేన్, దాంట్లో ఆప్షన్స్ తెరవండి. పైన ఉన్న రెండు టిక్‌లూ తీసేస్తే, మెయిల్‌ను డబుల్ క్లిక్‌తో తెరిస్తేనో, కంట్రోల్ + క్యూ కొడితేనో చదివినట్టవుతుంది. మళ్లీ చదవనిదిగా మార్చడానికి కంట్రోల్ + యు.

రిప్లై నొక్కితే జవాబు రీడింగ్ పేన్‌లోనే తెరుచుకుంటుంది. రాస్తూ రాస్తూ ఇంకో మెయిల్ మీద నొక్కితే రాసింది పోదు, డ్రాఫ్ట్‌గా ఉండిపోతుంది. లిస్టులో ఆ మెయిల్ దగ్గర డ్రాఫ్ట్ అనే మాట కనిపిస్తుంది. పంపామనుకుని మరిచిపోయే మెయిళ్లు ఇలాంటివే. సాయంత్రం లేచేముందు డ్రాఫ్ట్స్ పక్కన అంకె ఉందేమో చూడటం అలవాటు చేసుకోండి. పెద్ద జవాబులు రాసేటప్పుడు పాప్ అవుట్ నొక్కి విడి విండోలో రాయడం మేలు.

బొమ్మలు దిగకుండా ఆపామని పేన్ పైభాగంలో ఒక వరుస వస్తుంది. తెలిసిన పార్టీ కాకపోతే వాటిని దింపకండి. మెయిల్లోని బొమ్మ సర్వర్ నుంచి దిగిందంటే, ఈ ఐడీని ఎవరో చూస్తున్నారని పంపినవాళ్లకు తెలిసిపోతుంది. అలాగే లిస్టులో కనిపించేది పేరు మాత్రమే. బ్యాంకు పేరో, మీ సేటు పేరో ఎవరైనా పెట్టుకోవచ్చు. ఖాతా నంబరు మారింది, డబ్బు ఇక్కడ వేయండి అనే మెయిల్ వస్తే రీడింగ్ పేన్‌లో పేరు పక్కనున్న అసలు అడ్రస్ అక్షరం అక్షరం చదవండి. చదివి సరిగ్గా ఉన్నా, ముందునుంచీ మీ దగ్గరున్న నంబరుకు ఫోన్ చేసి అడగనిదే డబ్బు కదపొద్దు. పార్టీ మెయిలే దొంగల చేతిలో పడి ఉంటే అడ్రస్ సరిగ్గానే ఉంటుంది.

అవుట్‌బాక్స్‌లో ఆగిపోయిన మెయిల్

సెండ్ కొట్టిన మెయిల్ ముందు అవుట్‌బాక్స్‌కు, వెళ్లాక సెంట్ ఐటమ్స్‌కు చేరుతుంది. సెంట్‌లో లేదంటే వెళ్లలేదు. కంట్రోల్ + షిఫ్ట్ + ఓ కొడితే అవుట్‌బాక్స్ తెరుచుకుంటుంది. అక్కడ మెయిల్ వాలు అక్షరాల్లో ఉంటే వెళ్లడానికి సిద్ధంగా ఉన్నట్టు. ఏమైందోనని దాన్ని తెరిచి, మూసేస్తే, వాలు అక్షరాలు మామూలుగా మారతాయి. అప్పుడది వెళ్లదు. మళ్లీ తెరిచి సెండ్ కొట్టాల్సిందే.

ఆగిపోవడానికి ఎక్కువగా కారణం బరువైన ఫైలు. మెయిల్లో ఫైలు ఉన్నది ఉన్నట్టు వెళ్లదు. అక్షరాలుగా మారి వెళ్లాలి కాబట్టి మూడో వంతు పెరుగుతుంది. 15 ఎంబీ స్కాన్ ఫైలు దారిలో 20 ఎంబీ అవుతుంది. ఎక్స్ఛేంజ్ కాని ఖాతాలకు అవుట్‌లుక్ పెట్టిన హద్దు 20 ఎంబీ, జీమెయిల్ హద్దు 25. అవతలి సర్వర్ ఎంత తీసుకుంటుందో మన చేతిలో లేదు. 10 ఎంబీ దాటితే మెయిల్లో పెట్టకుండా వన్‌డ్రైవ్ (మైక్రోసాఫ్ట్ ఆన్‌లైన్ నిల్వ) లింకు పంపడం క్షేమం. స్కాన్ చేసేటప్పుడే 200 డీపీఐ, బ్లాక్ అండ్ వైట్ పెడితే బిల్లులు స్పష్టంగానే వస్తాయి, బరువు బాగా తగ్గుతుంది.

ఆగిన దాన్ని తీయాలంటే వరుసగా ఇలా చేయండి. సెండ్ / రిసీవ్‌లో వర్క్ ఆఫ్‌లైన్ నొక్కండి. ఒక నిమిషం ఆగి, అవుట్‌బాక్స్‌లోని మెయిల్‌ను పట్టి డ్రాఫ్ట్స్‌లోకి లాగండి. వర్క్ ఆఫ్‌లైన్ మళ్లీ నొక్కి తీసేయండి. డ్రాఫ్ట్స్‌లో ఫైలు తగ్గించి పంపండి. ఆఫ్‌లైన్ చేయకుండా లాగబోతే, మెయిల్ పంపే పనిలో ఉందని చెప్పి వదలదు.

తెలుగులో రాసేవాళ్లకు

డీటీపీ వాళ్ల దగ్గరినుంచి వచ్చిన అను ఫాంట్ల మాటలను మెయిల్లో పేస్ట్ చేయకండి. అవి యూనికోడ్ (ఏ కంప్యూటర్లోనైనా ఒకేలా కనిపించే అక్షర పద్ధతి) కావు. ఆ ఫాంట్ లేని కంప్యూటర్లో పిచ్చి గుర్తుల్లా కనిపిస్తాయి. పీడీఎఫ్ చేసి జోడించండి, లేదా యూనికోడ్‌లోకి మార్చి పెట్టండి. నేరుగా రాయాలంటే విండోస్ సెట్టింగ్స్‌లో టైమ్ అండ్ లాంగ్వేజ్‌లోకి వెళ్లి తెలుగు చేర్చుకోండి. ఇంగ్లీషు అక్షరాలతో కొట్టే అలవాటున్నవాళ్లకు తెలుగు ఫొనెటిక్ కీబోర్డు కూడా అక్కడే దొరుకుతుంది. విండోస్ కీ + స్పేస్ నొక్కితే భాష మారుతుంది. ఫైలు పేర్లు మాత్రం ఇంగ్లీషులో పెడితే పాత సిస్టమ్‌లలో ఇబ్బంది ఉండదు.

జెండాలు, సెలవు కబురు

జీఎస్టీ నెలవారీ లెక్కలు చూసేవాళ్లకు రిటర్నుల గడువులైన 11, 20 తేదీలు తప్పనివి. ఆ పనికి సంబంధించిన మెయిల్‌కు కుడి చివరనున్న జెండా గుర్తు మీద రైట్ క్లిక్ చేసి, యాడ్ రిమైండర్‌లో రెండు రోజుల ముందు తేదీ పెట్టండి. జెండా ఊరికే పెడితే ఎర్రగా ఉంటుంది తప్ప పిలవదు, రిమైండర్ పెడితేనే తెర మీద పెట్టె వస్తుంది. అవుట్‌లుక్ తెరిచి ఉంటేనే వస్తుంది.

బతుకమ్మ, దసరా సెలవులకు వెళ్లేముందు ఫైల్‌లో ఆటోమేటిక్ రిప్లైస్ పెట్టుకోవచ్చు. మొదలు, ముగింపు తేదీలు రెండూ ఇవ్వండి, లేకపోతే తిరిగొచ్చాక కూడా సెలవులో ఉన్నామనే వెళ్తుంటుంది. లోపలివాళ్లకు, బయటివాళ్లకు విడివిడి ట్యాబ్‌లుంటాయి. బయటివాళ్ల ట్యాబ్‌లో అత్యవసరమైతే ఎవరికి రాయాలో ఒక ఆఫీసు ఐడీ ఇస్తే చాలు. పాప్ ఖాతాలో ఈ బటన్ కనబడదు.

విండో చెదిరిపోతే

లిస్టు రూపం పాడైతే ముందు వ్యూ ట్యాబ్‌లో రీసెట్ వ్యూ నొక్కండి. అది మీరున్న ఫోల్డర్‌ను మాత్రమే సరిచేస్తుంది. ఎడమ వైపు ఫోల్డర్ పేన్ తెరుచుకోకపోయినా, లోపం చూపించినా, అవుట్‌లుక్ మూసేసి, విండోస్ కీ + ఆర్ నొక్కి, అవుట్‌లుక్ డాట్ ఈఎక్స్ఈ అని ఇంగ్లీషులో కొట్టి, ఒక స్పేస్ ఇచ్చి, స్లాష్, దాని వెంటే ఖాళీ లేకుండా రీసెట్‌నావ్‌పేన్ అని కొట్టి ఎంటర్ నొక్కండి. మెయిళ్లకు ఏమీ కాదు కానీ ఫేవరెట్స్‌లో పెట్టుకున్నవి పోతాయి, మళ్లీ పెట్టుకోవాలి. అసలు తెరుచుకోకుండానే మూసుకుపోతుంటే అదే చోట స్లాష్ తర్వాత సేఫ్ అని కొట్టండి. అప్పుడు తెరుచుకుంటే తప్పు ఏదో యాడ్ ఇన్‌ది, అంటే అవుట్‌లుక్‌కు తగిలించిన అదనపు ప్రోగ్రామ్‌ది. ఫైల్, ఆప్షన్స్, యాడ్ ఇన్స్‌లో కిందనున్న గో నొక్కి, ఒక్కొక్కటే టిక్ తీసి, మామూలుగా తెరిచి చూస్తూ పోతే ఏదో తేలుతుంది.

కరెంటు పోయి కంప్యూటర్ ఒక్కసారిగా ఆగిపోయిన తర్వాత తెరిస్తే, డేటా ఫైలు సరిగ్గా మూసుకోలేదు, తనిఖీ చేస్తున్నామని అవుట్‌లుక్ చెబుతుంది. ఆ తనిఖీ పూర్తయ్యేదాకా పవర్ బటన్ నొక్కకండి. ఫైలు పెద్దదైతే చాలాసేపు పడుతుంది, మధ్యలో ఆపితే మళ్లీ మొదటినుంచి. పాప్ ఖాతా వాడేవాళ్ల మెయిళ్లన్నీ ఆ ఒక్క డేటా ఫైల్లోనే (పీఎస్టీ) ఉండొచ్చు కాబట్టి, వారానికోసారి అవుట్‌లుక్ మూసేసి, దాన్ని పెన్ డ్రైవ్‌లోకో వేరే డిస్కులోకో కాపీ చేసుకోండి. అది ఎక్కడుందో ఫైల్, అకౌంట్ సెట్టింగ్స్‌లోని డేటా ఫైల్స్ ట్యాబ్‌లో ఉంటుంది. ఓపెన్ ఫైల్ లొకేషన్ నొక్కితే ఆ ఫోల్డర్ నేరుగా తెరుచుకుంటుంది.